ముల్కీ ఊరేగింపును కంప్యూటర్లో నడిపిస్తే

1952 సెప్టెంబర్ 3. హైదరాబాద్ పాతబస్తీలో, మూసీ ఒడ్డున హైకోర్టుకు దగ్గర్లోని సిటీ కాలేజీ వద్ద విద్యార్థుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. మర్నాడూ తుపాకులు పేలాయి. ప్రాణాలు పోయాయి. స్థానికులకు (ముల్కీలకు) దక్కాల్సిన సర్కారు కొలువులను దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్లు ఎగరేసుకుపోతున్నారన్న ఆగ్రహం జూలై చివర్లో వరంగల్‌లో రాజుకుంది. నెల తిరిగేసరికి ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అన్న నినాదం రాజధాని వీధుల్లో మార్మోగింది.

అప్పుడు సెల్‌ఫోన్ లేదు, వాట్సాప్ లేదు. ఇన్ని బడులు, ఇన్ని కాలేజీలు అంత తొందరగా ఒకే దారి ఎలా పట్టాయి? ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతికే శాస్త్రవేత్తల చేతిలో ఇప్పుడొక పనిముట్టు ఉంది. అది పక్షుల గుంపు నుంచి పుట్టింది.

క్రెయిగ్ రెనాల్డ్స్ అనే అమెరికన్ 1987లో ‘బాయిడ్స్’ పేరుతో కంప్యూటర్ తెర మీద పిట్టలను ఎగరేశాడు. ఒక్కో పిట్టకు మూడే సూత్రాలు. పక్కదాన్ని గుద్దుకోకూడదు, పక్కవి పోయే దిక్కుకే పోవాలి, గుంపుకు దూరం కాకూడదు. నాయకుడు లేడు, ఆజ్ఞ లేదు. అయినా గుంపు మొత్తం ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. 1992లో వచ్చిన ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’ సినిమాలోని గబ్బిలాల దండు అలా పుట్టిందే. రోమ్ నగరంలో గోరింక జాతి పిట్టలను గమనించినవాళ్లు 2008లో మరో సంగతి బయటపెట్టారు. ఒక్కో పిట్ట పట్టించుకునేది తన చుట్టూ ఉన్న ఆరేడింటినే. మక్కా మసీదు ముంగిట పావురాలు లేచి ఒక్క ఊపున తిరగడం చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

మరి పిట్ట బదులు మనిషిని పెడితే? అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1978లో వేసిన లెక్క చూడండి. వందమంది ఉన్నారు. మొదటివాడు ఎవరూ రాకపోయినా వీధిలోకి వస్తాడు. రెండోవాడు ఒకరు వస్తే వస్తాడు, మూడోవాడు ఇద్దరు వస్తే వస్తాడు. ఇలా వందోవాడి దాకా. అందరూ కదులుతారు. ఇప్పుడు ఆ రెండోవాడిని మాత్రమే మార్చి, ఇద్దరు వస్తే గానీ కదలని మనిషిని పెట్టండి. మొదటివాడు నడిరోడ్డు మీద ఒంటరిగా మిగిలిపోతాడు. మిగతా తొంభై తొమ్మిది మందీ గడప దాటరు. ఊరు అదే, కోపం అంతే. వీధి నిశ్శబ్దంగా ఉంది కాబట్టి జనానికి బాధ లేదని నమ్మే పాలకులు ఈ లెక్క తప్పక చదవాలి.

జాషువా ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు 2002లో ఇంకో అడుగు వేశాడు. తెర మీది ఒక్కో చుక్కకూ కష్టం, ప్రభుత్వం మీద నమ్మకం, దొరికిపోతానన్న భయం ఇచ్చాడు. నమ్మకం మెల్లమెల్లగా తగ్గితే పెద్ద అలజడి లేదు. అదే నమ్మకం ఉన్నట్టుండి కూలితే తెరంతా భగ్గుమంది. విద్యార్థుల మీద పేలిన తూటా ఒక్కరోజులో ఎంత నమ్మకాన్ని కూల్చగలదో సిటీ కాలేజీ ఉదంతం చదివితే తెలుస్తుంది.

అయితే ఈ నమూనాలకు ఒక పెద్ద లోటుంది. చుక్కకు జ్ఞాపకం లేదు. ముల్కీ హక్కు వెనుక 1919 నాటి నిజాం ఫర్మానా ఉంది, పదిహేనేళ్ల నివాస నిబంధన ఉంది, ఇంట్లో కొలువు దొరక్క కూర్చున్న అన్నలున్నారు. ఆ పిల్లలు పక్కవాణ్ని చూసి మాత్రమే నడిచారంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. 1952లో అణగారిన ఆ బాధే 1969లో తెలంగాణ అంతటా మళ్లీ లేచింది. పదిహేడేళ్లు గుండెల్లో నిలిచినదాన్ని మూడు సూత్రాలు పట్టలేవు.

నాకున్న భయం మరొకటి. ఇలాంటి నమూనా పోలీసు గదిలోకి చేరితే దాని పని మారిపోతుంది. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. అంతకు ముందు ఏడాది పాతబస్తీలో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమన్నారు; ఆయన తీయకపోయినా ఫొటో తీశారు. యంత్రంతో ముఖాలను గుర్తుపట్టే పోలీసుల విధానంపై ఆయన హైకోర్టుకెక్కారు. వీధిలోకి వచ్చే మొదటి మనిషి ఎవరో యంత్రం చూపిస్తే, అతణ్ని ముందే ఆపేయాలన్న ఆశ పుట్టక మానదు.

ఇదే విద్యకు మంచి పని ఉంది. తొందరపడ్డకొద్దీ జనం గుమ్మం దగ్గర ఇరుక్కుని ఇంకా ఆలస్యమవుతారని డిర్క్ హెల్బింగ్ పరిశోధక బృందం 2000లో లెక్కగట్టి చూపింది. బీబీ కా అలం, లాల్‌దర్వాజా బోనాలు, గణేశ్ శోభాయాత్ర సాగే వీధుల్లో తోపులాట ఎక్కడ వస్తుందో, ఏ గల్లీ తెరిచి ఉంచాలో ముందే చెప్పగలిగితే ప్రాణాలు నిలుస్తాయి.

ఉస్మానియాలో, ట్రిపుల్ ఐటీలో ఈ విద్య నేర్చుకుంటున్న పిల్లలకు ఒక విన్నపం. 1952 కాల్పుల మీద జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. ఆ నివేదికనూ, ఆనాటి పత్రికలనూ ముందు చదవండి. కోడ్ ఆ తర్వాత రాయండి. రాసినదాన్ని పాతబస్తీ జనం ముందు పెట్టి, వాళ్లు ఒప్పుకున్న పనికే వాడండి.