వార్తల్లో పదం: డబ్ల్యూడబ్ల్యూఎన్

లినక్సు సర్వరునకు శాస్ కేబుళ్లతో ఒకదాని వెంట నొకటిగా తగిలించిన డిస్కు పెట్టెలలో, ప్రతి డిస్కునకును కనుగొనబడిన క్రమమున ఎస్‌డీఏ, ఎస్‌డీబీ యనుచు పేర్లు లభించి, 26 అక్షరములు ముగియగానే 27వది ఎస్‌డీఏఏ యగును. నిజమునకు పేరు కాదది, వరుస మాత్రమే. నడుమనున్న పెట్టె యొకటి ఆలస్యముగా మేల్కొన్నచో, రీబూటు పిమ్మట నిన్నటి ఎస్‌డీకే వేరొక డిస్కు కావచ్చును. దానినే నమ్మి, చెడినదానికి బదులు మంచిదానిని లాగినవాడు ఒంటి పారిటీ రెయిడ్‌నే కూల్చుకొనును. తయారీనాడే డిస్కునకు కేటాయింపబడి, సాధారణముగా 64 బిట్ల నిడివిగల విశిష్ట సంఖ్యయే డబ్ల్యూడబ్ల్యూఎన్. కావున బై-ఐడీ డైరెక్టరీలో ఆ సంఖ్యతో నున్న లంకెలనే వాడి, లాగుటకు ముందు లెడ్‌సీటీఎల్ ఆదేశముతో స్లాటు దీపమును వెలిగించి చూచుట యుక్తము. రెండు పేర్లకు సంఖ్య యొక్కటియే యైనచో, అది రెండు కేబుళ్ల మార్గమున కనబడు ఒకే డిస్కు.