టిన్ను బరువు – కప్పు లెక్క

మన పత్రికలో వంటల పేజీ సాధారణంగా సోదరీమణులే రాస్తారు. ముప్పై ఏళ్ళు బ్యాంకు లెడ్జర్లతో గడిపిన నేను అందులో వేలు పెట్టడానికి కారణం ఒక తప్పు లెక్క. ఆ తప్పు నాదే.

క్రిందటి శీతాకాలం మా అమ్మకు 80 ఏళ్ళు నిండాయి. బరంపురంలో మా ఇంట్లోనే నలభైమందికి భోజనాలు. అమ్మకు అనాసపండు కేసరి అంటే ప్రాణం. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఫోనులో కొలతలు చెప్పింది: అనాస ముక్కలు 10 కప్పులు. బజారులో మంచి పండు దొరకలేదు. టిన్నులు కొందామనుకున్నాం.

"ఎన్ని తెప్పించమంటారు?" అని మా ఆవిడ అడగ్గానే కాగితం, పెన్ను తీశాను. టిన్ను మీద 850 గ్రాములని ఉంది. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, కనుక 240 గ్రాములు అనుకున్నాను. టిన్నుకి మూడున్నర కప్పులు. "మూడు టిన్నులు చాలు, ఇంకా మిగులుతుంది" అని తీర్పు చెప్పేశాను.

తీరా వడగడితే 8 కప్పులు కూడా రాలేదు. పాకం పారబోయడం ఎందుకని అదీ పోశాం. కేసరి జారుగా, మొహం మొత్తేంత తీపిగా తయారైంది. ముక్కలు ముందు పంక్తులకే అయిపోయాయి. అందరూ తిన్నాకే తింటానని ఆఖరి పంక్తిలో కూర్చున్న అమ్మ విస్తట్లో ఒక్క ముక్కా పడలేదు.

"ఏటిరా నాయనా, పాకాన్ని కూడా పండనుకుని తూచేసినావా?" అని నవ్వింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

రెండు పొరపాట్లు

మొదటిది: టిన్ను మీద ఉండే నికర బరువులో పండుతో పాటు పాకమూ కలిసే ఉంటుంది. కామర్స్ చదివినవాణ్ణి, అమ్మకాలు చూసి అదే లాభమనుకున్నట్టయింది! చాలా టిన్నుల మీద వడగట్టిన బరువు, అంటే 'డ్రెయిన్డ్ వెయిట్', చిన్న అక్షరాల్లో వేరుగా ఉంటుంది. చూడవలసింది అదే. నేను తర్వాత తూచి చూస్తే మా టిన్నులో ముక్కలు 470 గ్రాములే.

రెండవది: కప్పు కొలిచేది పరిమాణాన్ని, బరువును కాదు. కప్పు నీళ్ళు 240 గ్రాములైతే, వడగట్టిన అనాస ముక్కలు సుమారు 180 గ్రాములే, ముక్కల మధ్య ఖాళీ ఉంటుంది కదా. రసంతో కలిపి కొలిస్తే 250 దాకా వస్తుంది. వడగట్టిన పీచ్ ముక్కలు సుమారు 220. అదే కప్పుకు పంచదార 200, బొంబాయి రవ్వ 165–170, మైదా 125 గ్రాములు తూగుతాయి.

విదేశాల్లోని పిల్లలు పంపే వంటల్లో 15 ఔన్సుల టిన్ను అంటే 425 గ్రాములు, 20 ఔన్సులంటే 567. అవి కూడా పాకంతో కలిపే. ఆస్ట్రేలియా కప్పు అయితే 250 మిల్లీలీటర్లు.

అమ్మ సోల

ఇంత లెక్కా విని అమ్మ అటకమీది ఇత్తడి సోల దింపించింది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. 1936 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన గంజాంలో పెద్దవాళ్ళ వంటంతా ఈ కొలతలతోనే సాగింది. మార్గశిర గురువారాల్లో మన ఒడియా ఇరుగుపొరుగు 'మాణ' నిండా ధాన్యం పోసి లక్ష్మీపూజ చేయడం చూస్తూనే ఉన్నాం. 1958 నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు వచ్చాక సోల అటకెక్కింది.

ఆ సోలతో నీళ్ళు కొలిస్తే మా అమ్మాయి కప్పుకి సరిగ్గా ఒకటిన్నర. "బియ్యం సోలతో కొలిచీవోళ్ళం, బెల్లం తూచీవోళ్ళం. దేని కొలత దానిదే" అంది అమ్మ. నేను రెండు పేరాల్లో రాసినది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

కాబట్టి నా సలహా ఇంతే. ముక్కలు వడగట్టి తూచండి, 180తో భాగించండి. పాకం విడిగా ఉంచి, పంచదార తగ్గించుకుని కావలసినంతే పోయండి. 10 కప్పులకు 1800 గ్రాములు, అంటే మా టిన్నులైతే నాలుగు.

ఈ ఉగాదికి నాలుగు టిన్నులూ తెచ్చాను. మొదటి గరిటె అమ్మ విస్తట్లోనే పడింది.