12.3 గ్రామసభ: ఓటరే సభ్యుడు

గ్రామ పంచాయతీ, గ్రామసభ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఈ రెండూ వేరు. మనం ఓటు వేసి ఎన్నుకున్నవారితో పంచాయతీ ఏర్పడుతుంది. దాని కాలపరిమితి అయిదేళ్లు. గ్రామసభకు ఎన్నిక లేదు. గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న వారందరూ అందులో సభ్యులే. కూలికి వెళ్లే మహిళకైనా, భూమి ఉన్న రైతుకైనా అక్కడ సమాన స్థానం ఉంటుంది.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటు కల్పించింది. దాని అధికారాలను నిర్ణయించే బాధ్యతను రాష్ట్ర శాసనసభలకు అప్పగించింది. అందువల్ల అవి అన్ని రాష్ట్రాలలో ఒకే విధంగా ఉండవు.

గ్రామసభ మాటకు ఎంత విలువ ఉండగలదో ఒక ఉదాహరణ చూద్దాం. ఒడిశాలోని నియమగిరి కొండలు డోంగ్రియా కోంధు గిరిజనులకు పవిత్రమైనవి. అక్కడ బాక్సైటు తవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. అటవీ హక్కుల చట్టం, 2006 కింద గిరిజనుల హక్కులను గ్రామసభలే పరిశీలించాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ తవ్వకాలు వద్దన్నాయి. 2014లో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

అయితే, ప్రజలు సభకు రాకపోతే ఈ అధికారం కాగితం మీదే మిగిలిపోతుంది. తీర్మానం రాయకముందే ఖాళీ పేజీలో సంతకమో వేలిముద్రో వేస్తే, మన నిర్ణయాన్ని వేరొకరి చేతికి ఇచ్చినట్లే. తీర్మానాన్ని చదివి వినిపించమని అడగండి. ఆ తరువాతనే సంతకం చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. గ్రామ పంచాయతీకి, గ్రామసభకు గల తేడా ఏమిటి?
2. మీ ఊరిలో గత గ్రామసభ ఎప్పుడు జరిగింది? అందులో చేసిన ఒక తీర్మానాన్ని తెలుసుకొని రాయండి.