ముళ్ళ కిరీటం మొక్క – కళ్ళు జాగ్రత్త



అఫ్జల్‌గంజ్ సందుల్లో పెరటి స్థలం తక్కువ. మొక్కలన్నీ మేడల మీద, కిటికీల దగ్గర కుండీల్లోనే. నాలుగు రోజులు నీళ్ళు పోయకపోయినా బ్రతికే ముళ్ళ కిరీటం అలాంటి ఇళ్ళకు బాగా సరిపోతుంది.

ప్రభువు శిరస్సుపై పెట్టింది ఈ మొక్కేనని కొందరు భక్తితో పెంచుతారు. కాని దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. కాడలో నీరు దాచుకుని అక్కడి ఎండలను తట్టుకుంటుంది. 1821లో ఫ్రాన్సుకు చేరింది. కనుక యెరూషలేములో అల్లిన కిరీటం దీనిది కాదు.

ఇది మన జెముడు జాతిదే. కొమ్మ తుంచితే తెల్లని పాలు కారతాయి. అవి చర్మానికి తగిలితే మంట, బొబ్బలు రావచ్చు. కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని చూపు మసకబారవచ్చు.

పాలు కంట్లో పడితే:

1. నలపవద్దు. వెంటనే రెప్పలు తెరిచి పట్టి, శుభ్రమైన నీళ్ళు 15–20 నిమిషాలు ధారగా పోయండి.

2. చనుబాలు, ఆముదం వేయవద్దు. ప్రేమతోనే వేస్తారు, కాని కడగవలసిన సమయం పోతుంది, చీము పట్టే ప్రమాదమూ ఉంది.

3. మంట తగ్గినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. వాపు, నొప్పి మర్నాటికి పెరగవచ్చు. ఏ మొక్కో తప్పక చెప్పండి.

మొక్కను పారేయనక్కరలేదు. పిల్లలకు అందని చోట ఉంచండి. కత్తిరించేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడగండి.

పూలను చూచి దేవుని స్తుతిద్దాం. వాటిని చూడటానికి ఆయన ఇచ్చిన కళ్ళనూ కాపాడుకుందాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్