రంగు పేరు, వంతు పని

ఆటలదినము సమీపించినప్పుడు మన బాలురు “మాకు ఎఱ్ఱజట్టే కావలెను, నీలిజట్టు వద్దు” అని జగడమాడుట మేము ఏటేట చూచుచున్నాము. జట్టునకు రంగు పేరేల? ఆకాశయాత్రలను నేలమీదనుండి నడుపువారి ఆచారమును తెలిసికొన్నచో ఈ ప్రశ్నకు మంచి సమాధానము దొరకును.

2023 జూలై 14వ తేదీన మన రాష్ట్రములోని శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 ఎగసినప్పుడు, తెరలయెదుట వరుసలుగా కూర్చున్న శాస్త్రజ్ఞులను మీలో అనేకులు టెలివిజనులో చూచియుందురు. నౌకలో మనుష్యులున్నచో అట్టి గది రాత్రింబవళ్లు మేలుకొని యుండవలెను. అందుచేత, నీరు తక్కువైన యేట మన కాలువలకు నీరు వదలునట్లు, అచ్చట పనియు వంతులవారీగా జరుగును.

అమెరికాలో 1965 జూన్ నెలలో జెమినీ-4 నౌక నాలుగు దినములు భూమిచుట్టు తిరిగినప్పుడు హ్యూస్టన్ నగరమున మూడు జట్లు వంతులు చేసెను. వారి జెండాలోని రంగులే ఆ జట్లకు పేర్లయ్యెను. క్రిస్ క్రాఫ్టుది ఎఱ్ఱజట్టు, జీన్ క్రాంజుది తెల్లజట్టు, జాన్ హాడ్జిది నీలిజట్టు. ఇట్టి జట్టునాయకుని ఫ్లైట్ డైరెక్టరందురు. పిమ్మట గ్లిన్ లన్నీ నలుపును, జెర్రీ గ్రిఫిన్ బంగారు వన్నెను గైకొనిరి. రంగులు చాలకపోగా రత్నముల పేర్లును, నక్షత్రముల పేర్లును వచ్చెను. నాయకుడు పదవి విడిచినపుడు ఆతని జట్టు పేరునకును విశ్రాంతి నొసగి, దానిని మరియొకరికి ఇయ్యకుండుట వారి ఆచారము.

అయినను ఆ పేరు గొప్పకొఱకు కాదు. 1970 ఏప్రిల్ 13వ తేదీ రాత్రి అపోలో-13 నౌకలో ప్రాణవాయువు తొట్టి ప్రేలెను. ముగ్గురు మనుష్యులు చంద్రునికి పోవు దారిలో చిక్కుకొనిరి. అప్పుడు గదిలో నున్నది తెల్లజట్టు. దాని వంతు ముగియవచ్చెను. సుమారు గంటకు నల్లజట్టు ఆ స్థానములలో కూర్చుండి, చంద్రునిపై దిగుటకై తెచ్చిన చిన్ననౌకలోనికి యాత్రికులను చేర్చెను. తెల్లజట్టు వేరొక గదికి పోయి, మిగిలిన కొద్ది విద్యుచ్ఛక్తితో ఇల్లు చేరు ఉపాయమును సిద్ధపరచుటకు పూనుకొనెను. ఆపద తమ వంతులో వచ్చినదని తెల్లజట్టు పీఠమును పట్టుకొని యుండలేదు. అది మీ వంతులో జరిగినదని నల్లజట్టు తప్పుకొనలేదు. తక్కిన జట్లును తమ వంతులు నెరవేర్చెను. 17వ తేదీన ముగ్గురును క్షేమముగా సముద్రమున దిగిరి. మరునాడు అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన స్వాతంత్ర్య పతకము ఒక్క రంగునకు గాక, ఆ యాత్రను నడిపినవారందరికిని కలిపి లభించెను.

బాలబాలికలారా, రంగు ఎవరిని ఓడింపవలెనో చూపు గుర్తు కాదు. ఏ పని ఎవరి వంతో, దానికి ఎవరు బాధ్యులో తెలుపు గుర్తు. ఈ యేట మీకు ఏ రంగు వచ్చినను, ఆ రంగును చూచినవారు “వీరు తమ వంతు చక్కగా చేసి, తరువాతివారికి సరిగా అప్పగించిరి” అని చెప్పుకొనునట్లు నడుచుకొనుడని మేము కోరుచున్నాము.