మూసీ గడ్డి, పాతబస్తీ పాలు

ఒక్కసారి నాటితే చాలు, ఏళ్ల తరబడి కోసుకోవచ్చు. మురుగు నిలిచిన మడిలోనూ కుళ్లదు, ఇంకా ఏపుగా పెరుగుతుంది. అదే పారా గడ్డి. హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ దాటి మూసీ నది వెంట అంబర్‌పేట, నాగోల్, పీర్జాదిగూడ వైపు వెళ్తే ఒడ్డున పచ్చగా కనిపించేది చాలావరకు ఇదే.

పుట్టిల్లు ఆఫ్రికా, పేరేమో బ్రెజిల్‌లోని పారా రాష్ట్రానిది. గింజ సరిగా పట్టదు కాబట్టి కాడ ముక్కలే విత్తనం. కాడను చేతిలోకి తీసుకుంటే లోపల బోలుగా ఉంటుంది, కణుపుల దగ్గర తెల్లటి నూగు తగులుతుంది. నేలను తాకిన ప్రతి కణుపూ వేరు వేస్తుంది. ఒక్కో తీగ 5 మీటర్ల దాకా పాకుతుంది. మొదటి కోతకు రెండున్నర నెలలు ఆగాలి. ఆ తర్వాత 35–40 రోజులకో కోత, ఏడాదికి 6 నుంచి 9 కోతలు. నీళ్లెంత నిలిచినా తట్టుకుంటుంది గానీ, నీటి ఎద్దడికీ గట్టి చలికీ తాళలేదు.

1908 వరదల తర్వాత మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసాపై హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. వరద భయం తగ్గింది. కానీ నగరంలో మూసీకి మిగిలింది ఎక్కువగా మురుగే. ఆ నీటితో వరి దిగుబడి పడిపోయిన రైతులు గడ్డికి మళ్లారు. నగరంలోని బర్రెల కొట్టాల వల్ల గిరాకీకి కొదవలేదు. పొద్దున్నే కొడవళ్లతో కోసి మోపులు కట్టిన గడ్డి కొట్టాలకు చేరుతుంది, అక్కడి పాలు మన టీ గిన్నెలోకి వస్తాయి.

ఆస్ట్రేలియాలోని కకాడు నేషనల్ పార్కులో ఇదే గడ్డి పెద్ద బెడద. చిత్తడి నేలలను కమ్మేసి అడవి వరిని తరిమేస్తోంది. ఇక్కడ వరి నిలవని మడిలో బతుకుతెరువైంది. నాకు అన్నిటికన్నా పెద్ద వింత ఇదే.

అయితే మూసీ నీటితో సాగయ్యే నేలలపైనా గడ్డిపైనా జరిగిన పరిశోధనల్లో సీసం, కాడ్మియం వంటి భార లోహాల జాడ కనిపించింది. తప్పు గడ్డిది కాదు, రైతుది కాదు. ఫ్యాక్టరీల విష జలాలను నదిలో కలవకముందే ఆపాలి. గడ్డినీ పాలనూ తరచూ పరీక్షించి, ఆ ఫలితాలను తెలుగులోనూ ఉర్దూలోనూ జనం ముందు పెట్టాలి. ఆ పాలు తాగేది మన పిల్లలే.