మీకు తెలుసా? దూది పోగు ఒకే ఒక్క కణం!

దూదిలోంచి ఒక్క పోగు లాగి చూడండి. అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉండే ఆ పోగు మొదలు నుంచి చివరి దాకా ఒకే కణం. పత్తి పువ్వు విచ్చుకునే వేళకే గింజ పైపొరలోని కణాలు కొన్ని సాగడం మొదలుపెడతాయి. సుమారు మూడు వారాలు పొడవు పెరిగి, ఆపైన లోగోడకు పొరలు పొరలుగా సెల్యులోజ్ పట్టించుకుంటాయి. మొక్కల్లో కణాన్ని చూడాలంటే మామూలుగా సూక్ష్మదర్శిని కావాలి. దీన్ని మాత్రం రెండు వేళ్లతో పట్టుకోవచ్చు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యం తీరని సంగతి ఇది.

కాయ పగిలి ఎండ తగలగానే గొట్టంలాంటి ఆ కణం తడి ఆరి, చదునై, మెలికలు తిరుగుతుంది. వడికేటప్పుడు పోగులు ఒకదాన్నొకటి పట్టుకునేది ఈ మెలికలతోనే. బూరుగు దూది కూడా తెల్లగా, మెత్తగానే ఉంటుంది. కానీ దాని పోగు నున్నన, మెలికలుండవు, వడికితే జారిపోతుంది. అందుకే అది దిండ్లలోకి, పరుపుల్లోకి పోయింది.

పోగును నలగనివ్వకుండా గింజ నుంచి వేరుచేయడం గొప్ప నైపుణ్యం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు వడికే మహిళలు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు చెత్తను తీసేసి పోగుల్ని వరసగా పరుస్తాయి. అంత ఓపికగా చేసిన పని కాబట్టే ఆ నూలుకు అంత సన్నదనం. ఈ పనితనానికి మనం ఇస్తున్న విలువ చాలదని నా అభిప్రాయం.

చేలో తీసిన పత్తిని నీళ్లలో వేస్తే వెంటనే తడవదు, పోగు మీద సన్నటి మైనపు పూత ఉంటుంది. క్షారజలంలో ఉడికించి ఆ మైనం వదిలించాకే అది గాయాలు తుడిచే ఆస్పత్రి దూది అవుతుంది. తడిసిన పత్తి పోగుకు బలం తగ్గదు, పెరుగుతుంది! సెల్యులోజ్‌తోనే చేసే రేయాన్ తడిస్తే బలహీనపడుతుంది. నూలు బట్టలు చాకిరేవు బండ దెబ్బలకు ఇన్ని తరాలు తట్టుకున్నది ఈ గుణం వల్లనే.

మన కరెన్సీ నోట్ల కాగితం కూడా నూటికి నూరుపాళ్లూ పత్తే. చొక్కా జేబులో మరిచిపోయిన నోటు ఉతుకులో పిండైపోకుండా బయటపడేది అందుకే.

ఈసారి అచ్చమైన నూలు బట్ట అని ఎవరైనా అమ్మితే, అంచు నుంచి నిలువు పోగొకటి, అడ్డం పోగొకటి లాగి జాగ్రత్తగా వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే అందులో పాలియెస్టర్ కలిసినట్టే.